హోస్టింగ్‌లో ఉన్న సైట్‌కి ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్: తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు, తెనాలి చుట్టుపక్కల బడులకీ, బట్టల షాపులకీ, కల్యాణ మండపాలకీ సైట్లు చేసిపెడుతుంటాను. సైట్ ఎలా ఉందో చెప్పడానికి ఏడాదికి ఒక్క ఫోన్ కూడా రాదు. సర్టిఫికెట్ దగ్గర తేడా వస్తే మాత్రం పొద్దున ఆరింటికే మోగుతుంది. ఆ ఫోన్లలో వచ్చిన ప్రశ్నలే ఇవి. అడిగినవాళ్ల మాటల్లోనే ఉంచాను. మీ సైట్ షేర్డ్ హోస్టింగ్‌లో ఉందనీ, లోపల దాన్ని నడుపుకునే సీప్యానెల్ అనే పేజీ ఉందనీ అనుకుని జవాబులు రాశాను. వేరే ప్యానెల్ అయితే బటన్ల పేర్లు మారతాయి, పని మారదు.

సైట్ తెరిస్తే పైన ‘నాట్ సెక్యూర్’ అంటోంది. ఎవరైనా హ్యాక్ చేశారా?

లేదు, కంగారు పడకండి. 2018 జులైలో వచ్చిన క్రోమ్ 68 నుంచి, హెచ్‌టీటీపీతో తెరుచుకునే ప్రతి సైట్ పక్కనా ఆ మాట వేస్తున్నారు. మీ సైట్‌లో కొత్తగా జరిగిందేమీ లేదు, బ్రౌజర్ నోరు విప్పింది, అంతే.

హెచ్‌టీటీపీ అంటే పోస్టు కార్డు. దారిలో ఎవరి చేతిలో పడితే వాళ్లు చదువుకోవచ్చు, కావాలంటే కింద ఇంకో ముక్క రాసి పంపనూవచ్చు. హెచ్‌టీటీపీఎస్ అంటే అంటించిన కవరు. అయితే కవరు అంటించినంత మాత్రాన సరిపోదు, అది మీ డొమైన్ పేరున్న అసలు సర్వర్‌కే చేరిందని బ్రౌజర్‌కి నమ్మకం కుదరాలి. సర్టిఫికెట్ ఉన్నది ముఖ్యంగా ఆ నమ్మకం కోసం. ఈ డొమైన్ వీళ్ల చేతిలోనే ఉందని మేం చూశాం అని ఒక మూడో సంస్థ పెట్టిన సంతకం అది.

మా దాంట్లో డబ్బు కట్టేదేమీ లేదు. నాలుగు ఫొటోలు, ఫోన్ నంబరు. అయినా కావాలా?

కావాలి. సైట్ చూసేవాళ్ల సంగతి తర్వాత, ముందు మీ సంగతి చూడండి. మీరు వర్డ్‌ప్రెస్‌లోకి లాగిన్ అవుతారు కదా, హెచ్‌టీటీపీ మీద అయితే ఆ పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు బయల్దేరుతుంది. రైల్వే స్టేషన్ వైఫైలో కూర్చుని ఒక్కసారి లాగిన్ అయితే చాలు, ఆ వైఫైని కాచుకుని ఉన్నవాడు దాన్ని పట్టేయొచ్చు. దారిలో ఉన్నవాళ్లు మీ పేజీలో మీది కాని ప్రకటన కూడా దూర్చొచ్చు.

పైగా లొకేషన్, కెమెరా, నోటిఫికేషన్లు వాడుకోవాలంటే హెచ్‌టీటీపీఎస్ లేనిదే బ్రౌజర్లు ఒప్పుకోవు. గూగుల్ 2014 ఆగస్టులోనే ర్యాంకింగ్‌లో దీన్నీ లెక్కలోకి తీసుకుంటామని ప్రకటించింది. ఆ బలం చిన్నదే అని వాళ్లే చెప్పారు. కాబట్టి ‘ఎస్‌ఎస్‌ఎల్ కొంటే మొదటి పేజీలోకి వస్తారు’ అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి.

ఎస్‌ఎస్‌ఎల్ అంటారు, టీఎల్‌ఎస్ అంటారు. ఏది కొనాలి?

రెండూ ఒకటే సరుకు, ఆ కవరు అంటించే పద్ధతికి ఉన్న పేర్లు. ఎస్‌ఎస్‌ఎల్‌ని 1990ల్లో నెట్‌స్కేప్ కంపెనీ తయారుచేసింది. 1999లో దాని తర్వాతి రూపానికి టీఎల్‌ఎస్ అని పేరు పెట్టారు. ఇప్పుడు వాడుకలో ఉన్నవి 2008 నాటి టీఎల్‌ఎస్ 1.2, 2018 నాటి 1.3. పాత ఎస్‌ఎస్‌ఎల్‌ని వాడే సర్వర్ ఉంటే తక్షణం ఆపేయాలి. కానీ వనస్పతి ఏ కంపెనీదైనా డాల్డా అన్నట్టు, జనం నోట్లో ఎస్‌ఎస్‌ఎల్ అన్న మాటే నిలిచిపోయింది.

మా ఆడిటర్ గారు ఇచ్చిన డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ ఉంది. దాన్నే సైట్‌కి పెట్టొచ్చు కదా?

పెట్టలేం. నెలకి ఒకరైనా ఇది అడుగుతారు. పేర్లు దగ్గరగా ఉండబట్టి వచ్చిన తికమక ఇది. జీఎస్టీకీ, ఆదాయపు పన్నుకీ, టెండర్లకీ వాడే ఆ యూఎస్‌బీ టోకెన్‌లో ఉండేది మనిషి సంతకం. 2000 నాటి ఐటీ చట్టం కింద, కంట్రోలర్ ఆఫ్ సర్టిఫైయింగ్ అథారిటీస్ లైసెన్సు ఉన్న సంస్థలు దాన్ని ఇస్తాయి. సైట్ సర్టిఫికెట్ మనిషిది కాదు, డొమైన్‌ది. దాన్ని ఎవరిస్తే చెల్లుతుందో నిర్ణయించేది బ్రౌజర్లు, ఫోన్లు తయారుచేసే కంపెనీలు. గూగుల్, యాపిల్, మోజిల్లా, మైక్రోసాఫ్ట్ తమ జాబితాలు తాము పెట్టుకున్నాయి.

ఆ జాబితాలు ఎంత కఠినమో మన దేశానికి ఒకసారి తెలిసొచ్చింది. 2014 జులైలో నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ వారి సర్టిఫికెట్ విభాగం నుంచి గూగుల్ డొమైన్ల పేరు మీద అనధికార సర్టిఫికెట్లు బయటికొచ్చాయి. గూగుల్ పసిగట్టింది, కంట్రోలర్ కార్యాలయం ఆ విభాగం సర్టిఫికెట్లన్నీ రద్దు చేసింది. ఆ తర్వాత క్రోమ్ మన కంట్రోలర్ గారి మూల సర్టిఫికెట్‌ని కొద్దిపాటి భారతీయ డొమైన్లకే చెల్లేలా కట్టడి చేసింది. ప్రభుత్వ ముద్ర అయినా సరే, తప్పు జరిగితే బ్రౌజర్ ఒప్పుకోదు.

ఉచితంగా వచ్చేదీ, వేలు పోసి కొనేదీ ఒకటేనా? ఉచితం అంటే ఏదో తిరకాసు ఉంటుంది కదా?

కవరు గట్టిదనంలో తేడా లేదు. రెండిట్లోనూ గుప్తీకరణ ఒకటే. తేడా ఎక్కడంటే, సంతకం పెట్టేముందు ఏం చూశారన్న దగ్గర. డొమైన్ మీ చేతిలో ఉందా లేదా అన్నది మాత్రమే చూసి ఇచ్చేది డీవీ. సంస్థ నిజంగా ఉందో లేదో కాగితాలు చూసి ఇచ్చేది ఓవీ. ఇంకా లోతుగా చూసేది ఈవీ. ఒకప్పుడు ఈవీ కొంటే అడ్రస్ బార్‌లో కంపెనీ పేరు ఆకుపచ్చగా వచ్చేది. 2019లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ దాన్ని అక్కడి నుంచి తీసేశాయి. ఇవాళ మీ కస్టమర్‌కి ఈవీకీ డీవీకీ తేడా కంటికి కనబడదు.

ఉచిత సర్టిఫికెట్లలో పెద్ద పేరు లెట్స్ ఎన్‌క్రిప్ట్. అమెరికాలోని ఒక లాభాపేక్ష లేని సంస్థ నడుపుతోంది, 2015 డిసెంబరు నుంచి అందరికీ ఇస్తోంది. తిరకాసేమీ లేదు. మనిషి చెయ్యి పడకుండా అంతా సాఫ్ట్‌వేరే చేస్తుంది కాబట్టి ఖర్చు తక్కువ, కంపెనీల విరాళాలతో నడుస్తుంది. బడి, షాపు, గుడి కమిటీ, సొంత బ్లాగు, చిన్న ఆన్‌లైన్ దుకాణం, వీటిలో దేనికీ డబ్బు పెట్టి కొనమని నేను చెప్పను. పెద్ద కంపెనీ ఒప్పందంలోనో టెండర్‌లోనో ఓవీ కావాలని రాసి ఉంటే అప్పుడు కొనండి. హోస్టింగ్ కొనేటప్పుడు కార్టులో ముందే టిక్కు పెట్టి ఉంచిన ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీ ఉంటుంది చూశారా, ఆ టిక్కు తీసేయండి.

సరే, సీప్యానెల్‌లో ఎక్కడ నొక్కాలి?

‘సెక్యూరిటీ’ విభాగంలో ‘ఎస్‌ఎస్‌ఎల్ టీఎల్‌ఎస్ స్టేటస్’ అని ఉంటుంది. తెరిస్తే మీ డొమైన్లన్నీ వరసగా కనిపిస్తాయి. పక్కన పచ్చ తాళం ఉంటే మీకు తెలియకుండానే సర్టిఫికెట్ ఎప్పుడో వచ్చేసింది. చాలా హోస్టింగుల్లో అంతే జరుగుతుంది. లేకపోతే డొమైన్లు ఎంచుకుని ‘రన్ ఆటో ఎస్‌ఎస్‌ఎల్’ నొక్కండి. టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది.

తర్వాత ‘డొమైన్స్’ పేజీకి వెళ్లి మీ డొమైన్ ఎదురుగా ‘ఫోర్స్ హెచ్‌టీటీపీఎస్ రీడైరెక్ట్’ మీట ఆన్ చేయండి. దీంతో పాత హెచ్‌టీటీపీ లింకు నొక్కి వచ్చినవాళ్లూ కొత్తదానికే చేరతారు. ఈ క్రమం తిప్పకండి. సర్టిఫికెట్ రాకముందే మీట వేస్తే, వచ్చినవాళ్లందరికీ ఎర్ర హెచ్చరిక పేజీ చూపించినట్టవుతుంది.

‘రన్ ఆటో ఎస్‌ఎస్‌ఎల్’ నొక్కాను. అయినా ఎర్ర గుర్తే. ఏం చేయాలి?

అసలు పని ఇక్కడుంది. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ ఎలా పరీక్షిస్తుందో తెలిస్తే సగం సమస్య అక్కడే విడిపోతుంది. అది మీ సర్వర్‌కి ఒక రహస్య మాట ఇస్తుంది. మీ సైట్‌లో ‘వెల్‌నోన్’ అనే ఫోల్డర్‌లో ఆ మాట పెట్టమంటుంది. తర్వాత బయటి నుంచి, అందరిలాగే మీ డొమైన్ పేరు కొట్టి, హెచ్‌టీటీపీ వాడే దారి పోర్ట్ 80 గుండా వచ్చి ఆ ఫైల్ చదువుతుంది. దొరికితే డొమైన్ మీదే. దొరక్కపోతే కాదు. డొమైన్ పేరు ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పే పట్టిక డీఎన్‌ఎస్, అందులో ఒక రికార్డు పెట్టించి చూసే పద్ధతి ఇంకొకటి ఉంది.

కాబట్టి మొదట చూడాల్సింది డీఎన్‌ఎస్. డొమైన్ ఒకచోట, హోస్టింగ్ ఇంకోచోట కొన్నవాళ్లకి ఇక్కడే దెబ్బ. అందులో ‘ఏ’ (A) అనే రికార్డు మీ సీప్యానెల్‌లో కనిపించే ఐపీ అడ్రస్‌నే చూపిస్తోందా? ఆ పట్టికని ఉంచే నేమ్‌సర్వర్లు నిన్న సాయంత్రమే మార్చి ఉంటే ఒకటి రెండు రోజులు ఆగండి. టెన్షన్ పడి ప్రతి పది నిమిషాలకీ బటన్ నొక్కితే పని ఇంకా ఆలస్యమవుతుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్‌లో ఒకే పేరుకి గంటలో 5 సార్లు పరీక్ష తప్పితే ఆ తర్వాత కాసేపు తలుపు వేసేస్తారు. అవే పేర్లతో వారంలో 5 సర్టిఫికెట్లకి మించి ఇవ్వరు.

‘ఏ’ రికార్డు సరిగ్గానే ఉండి కూడా రాకపోతే ‘క్వాడ్ ఏ’ (AAAA) రికార్డు ఉందేమో వెతకండి. ‘ఏ’ అక్షరం నాలుగుసార్లు ఉండేది, ఐపీవీ6 అనే కొత్త తరహా ఐపీ అడ్రస్ కోసం వాడేది. పాత హోస్టింగ్ నుంచి మారినప్పుడు ‘ఏ’ రికార్డు మార్చి దీన్ని మరచిపోతారు. పరీక్షించేవాళ్లు ఐపీవీ6 ఉంటే ముందు ఆ దారినే వస్తారు, ఖాళీ అయిన పాత ఇంటి తలుపు కొట్టి వెనక్కి పోతారు. మీ ఇంట్లో మాత్రం సైట్ చక్కగా తెరుచుకుంటుంది. ఈ ఒక్కదాని మీద నేను ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకున్నాను.

మూడోది, మీరే వేసుకున్న అడ్డు. ‘త్వరలో వస్తున్నాం’ పేజీకి పాస్‌వర్డ్ పెట్టారా? చుక్కతో మొదలయ్యే ఫోల్డర్లన్నిటినీ మూసేసే సెక్యూరిటీ ప్లగిన్ ఉందా? వెల్‌నోన్ పేరు ముందు చుక్క ఉంటుంది, దాంతో పాటు అదీ మూసుకుపోతుంది. సర్వర్‌కి రూళ్లు చెప్పే హెచ్‌టీయాక్సెస్ ఫైల్‌లో ఎవరో పదేళ్ల కిందట రాసిన రూలు కూడా ఈ పని చేయగలదు.

చివరిగా సీఏఏ రికార్డు. మా డొమైన్‌కి ఫలానా సంస్థే సర్టిఫికెట్ ఇవ్వాలి అని డీఎన్‌ఎస్‌లో రాసిపెట్టుకునే రికార్డు అది. 2017 సెప్టెంబరు నుంచి సర్టిఫికెట్ సంస్థలు దాన్ని తప్పక చూడాలి. మీ ముందరి డెవలపర్ వేరే సంస్థ పేరు రాసి ఉంటే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వెనక్కి తగ్గుతుంది. అసలు ఆ రికార్డే లేకపోతే ఇబ్బంది లేదు.

మూడు డబ్ల్యూలు పెడితే బాగా తెరుచుకుంటోంది, లేకుండా కొడితే భయపెట్టే పేజీ వస్తోంది.

బ్రౌజర్ లెక్కలో అవి రెండు వేర్వేరు పేర్లు. సర్టిఫికెట్‌లో రెండూ ఉండాలి. డీఎన్‌ఎస్‌లో రెండో పేరుకి రికార్డు పెట్టి మళ్లీ ఆటో ఎస్‌ఎస్‌ఎల్ నడపండి.

సర్టిఫికెట్ వచ్చింది. అయినా ఇంకా ‘నాట్ సెక్యూర్’ అనే అంటోంది!

ముందు అడ్రస్ బార్ మీద రెండుసార్లు నొక్కి చూడండి. మొదట్లో హెచ్‌టీటీపీ అనే ఉంటే మీరు రీడైరెక్ట్ మీట వేయలేదు. హెచ్‌టీటీపీఎస్ ఉండి కూడా పేజీ తేడాగా ఉంటే, బొమ్మలు రాకపోతే, మెనూ పనిచేయకపోతే, పేజీలో ఏదో ముక్క ఇంకా పాత దారినే వస్తోంది. దీన్నే మిక్స్‌డ్ కంటెంట్ అంటారు. పేజీ కవరులో వచ్చి, లోపలి బొమ్మ పోస్టు కార్డు మీద రావడమన్నమాట. స్క్రిప్టులైతే బ్రౌజర్ నేరుగా ఆపేస్తుంది. బొమ్మలైతే క్రోమ్ తానే కొత్త దారిలో తెచ్చుకోబోతుంది, అక్కడ లేకపోతే ఖాళీ చదరం చూపిస్తుంది.

వర్డ్‌ప్రెస్‌లో దీనికి కారణం ఏళ్ల తరబడి మీరు పెట్టిన పోస్టుల్లో బొమ్మల చిరునామాలు హెచ్‌టీటీపీతో సహా డేటాబేస్‌లో ఉండిపోవడం. ముందు ‘సెట్టింగ్స్’, ‘జనరల్’లో ఉన్న రెండు చిరునామాలనీ హెచ్‌టీటీపీఎస్‌కి మార్చండి. 2021లో వచ్చిన వర్డ్‌ప్రెస్ 5.7 నుంచి ‘సైట్ హెల్త్’ పేజీలో ఈ పనికి ఒక బటన్ కూడా ఉంది. ఇంకా మిగిలితే ‘బెటర్ సెర్చ్ రీప్లేస్’ లాంటి ప్లగిన్‌తో పాత చిరునామా వెతికి కొత్తది పెట్టించండి, ముందు బ్యాకప్ తీసుకుని మాత్రమే. డేటాబేస్ తెరిచే పీహెచ్‌పీమైఅడ్మిన్‌లోకి దూకి నేరుగా మార్చేద్దామని చూడకండి. వర్డ్‌ప్రెస్ కొన్ని సెట్టింగులని ‘ఇందులో ఇన్ని అక్షరాలున్నాయి’ అని లెక్క రాసి మరీ దాచుకుంటుంది. హెచ్‌టీటీపీకి ఒక్క ఎస్ చేరినా ఆ లెక్క తప్పి, విడ్జెట్లు, థీమ్ సెట్టింగులు మాయమవుతాయి.

ఏ ముక్క ఇబ్బంది పెడుతోందో తెలియకపోతే, కంప్యూటర్‌లో క్రోమ్ తెరిచి ఎఫ్12 నొక్కి ‘కన్సోల్’ చూడండి. మిక్స్‌డ్ కంటెంట్ అని చెప్పి చిరునామాతో సహా చూపిస్తుంది. నా అనుభవంలో ఎక్కువసార్లు దొరికే దొంగ హెడర్‌లోని లోగో.

క్లౌడ్‌ఫ్లేర్ పెట్టాక సైట్ తెరుచుకోవడం లేదు, ‘టూ మెనీ రీడైరెక్ట్స్’ అంటోంది.

క్లౌడ్‌ఫ్లేర్ అంటే మీ సర్వర్‌కీ చూసేవాళ్లకీ మధ్యలో నిలబడే సేవ. అందులో ఎస్‌ఎస్‌ఎల్ పద్ధతి ‘ఫ్లెక్సిబుల్’ అని ఉంది కదూ? ఆ పద్ధతిలో చూసేవాళ్ల నుంచి క్లౌడ్‌ఫ్లేర్ దాకా కవరు, అక్కడి నుంచి మీ సర్వర్ దాకా పోస్టు కార్డు. మీ సర్వర్ ఏమో ‘హెచ్‌టీటీపీతో వచ్చావు, హెచ్‌టీటీపీఎస్‌తో రా’ అని వెనక్కి పంపుతుంది. క్లౌడ్‌ఫ్లేర్ మళ్లీ పోస్టు కార్డుతోనే వస్తుంది. ఇద్దరూ ‘ముందు మీరు, కాదు ముందు మీరు’ అనుకుంటూ గుమ్మంలోనే నిలబడతారు.

మందు ఒకటే. సర్వర్ మీద నిజమైన సర్టిఫికెట్ పెట్టి, పద్ధతిని ‘ఫుల్ స్ట్రిక్ట్’కి మార్చండి. గొడవ రాలేదు కదా అని ఫ్లెక్సిబుల్‌లోనే ఉండిపోవద్దు. సగం దారి బట్టబయలుగా ఉన్నా, చూసేవాడికి మాత్రం భద్రంగా ఉన్నట్టే కనిపిస్తుంది.

సర్వర్ మీద పెట్టుకోవడానికి క్లౌడ్‌ఫ్లేర్ వాళ్లే 15 ఏళ్ల దాకా చెల్లే ఒరిజిన్ సర్టిఫికెట్ కూడా ఇస్తారు. దాన్ని నమ్మేది క్లౌడ్‌ఫ్లేర్ ఒక్కటే, బ్రౌజర్లు నమ్మవు. రేపు నారింజ రంగు మబ్బు గుర్తు ఆపేసి క్లౌడ్‌ఫ్లేర్‌ని మధ్యలోంచి తప్పిస్తే ఎర్ర పేజీ వస్తుందని గుర్తుంచుకోండి.

వేరేచోట కొన్నాను, ఏవో ఫైళ్లు మెయిల్ చేశారు. ఎక్కడ పెట్టాలి?

సీప్యానెల్‌లో ‘ఎస్‌ఎస్‌ఎల్ టీఎల్‌ఎస్’ తెరిచి, ‘మేనేజ్ ఎస్‌ఎస్‌ఎల్ సైట్స్’కి వెళ్లండి. అక్కడ మూడు పెట్టెలుంటాయి. మొదటిదాంట్లో మీ సర్టిఫికెట్, రెండోదాంట్లో ప్రైవేట్ కీ (ఎవరికీ ఇవ్వకూడని రహస్య తాళంచెవి), మూడోదాంట్లో సీఏ బండిల్. ప్రైవేట్ కీ మెయిల్‌లో రాలేదని కంగారు పడొద్దు, రాకూడదు కూడా. కొనేముందు మీరు సీఎస్‌ఆర్, అంటే సర్టిఫికెట్ కోసం పెట్టే దరఖాస్తు, తయారుచేసిన చోటే అది పుట్టింది, సీప్యానెల్‌లో చేసి ఉంటే అక్కడే ఉంది.

మూడో పెట్టె ఖాళీగా వదిలేసేవాళ్లు చాలామంది. సీప్యానెల్ తనంతట తాను నింపుకుంటే సరే. లేదంటే కంప్యూటర్‌లో బాగుండి ఫోన్‌లో ఏడిపిస్తుంది. మీ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టింది మూల సంస్థ కాదు, దాని కింది మధ్యవర్తి. ఆ మధ్యవర్తి కాగితం కూడా సర్వరే చూపించాలి.

ఇంకో మాట. ప్రైవేట్ కీని వాట్సాప్‌లో పంపించమని అడిగే డెవలపర్లున్నారు, పంపించేసే ఓనర్లూ ఉన్నారు. ఇప్పటికే పంపి ఉంటే ఆ సర్టిఫికెట్ రద్దు చేయించి, కొత్త కీతో మళ్లీ తీసుకోండి. చాలా సంస్థలు మళ్లీ డబ్బు అడగవు.

ఒకసారి పెడితే ఎన్నాళ్లు ఉంటుంది?

లెట్స్ ఎన్‌క్రిప్ట్ మామూలుగా ఇచ్చేది 90 రోజులు. డబ్బు పెట్టి కొన్నవాటి గడువూ తగ్గిపోతోంది. 2020 సెప్టెంబరు నుంచి 398 రోజులకి మించి ఇవ్వకూడదన్నారు. 2025 ఏప్రిల్‌లో బ్రౌజర్లూ సర్టిఫికెట్ సంస్థలూ కలిసి ఓటేసి ఇంకా కుదించాయి: 2026 మార్చి 15 నుంచి గరిష్ఠం 200 రోజులు, 2027 మార్చి 15 నుంచి 100, 2029 మార్చి 15 నుంచి 47. కాబట్టి ‘అయిదేళ్ల ఎస్‌ఎస్‌ఎల్’ అని అమ్మితే అర్థం అయిదేళ్ల చందా అని. మధ్యలో ఎన్నోసార్లు మార్చాల్సిందే. చేత్తో మార్చుకునే రోజులు అయిపోయాయి, దానంతట అది రెన్యూ కావాలి.

దానంతట అది అవుతుందని నిద్రపోతే ఏమవుతుందో చెబుతాను. నేను చేసిన ఒక బడి సైట్‌లో గడువుకి రెండు నెలల ముందు ఒక సెక్యూరిటీ ప్లగిన్ వేశాను. అది వెల్‌నోన్ ఫోల్డర్‌ని మూసేసింది. సైట్ బాగానే నడుస్తోంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. లోపల రెన్యూవల్ రోజూ ప్రయత్నించి, రోజూ విఫలమవుతోంది. ఆ సంగతి చెబుతూ వచ్చిన మెయిళ్లన్నీ ఉద్యోగం మానేసిన గుమాస్తా అడ్రస్‌కి పోతున్నాయి. జూన్‌లో, అడ్మిషన్లు జోరుగా ఉన్న వారంలో, ఒక ఆదివారం పొద్దున గడువు ముగిసింది. తల్లిదండ్రులు సైట్ తెరిస్తే ‘మీ సమాచారం దొంగిలించే ప్రయత్నం జరుగుతుండొచ్చు’ అన్న పేజీ. హెడ్‌మాస్టరు గారు ఒక్క మాటా అనలేదు, అదే ఇంకా కష్టంగా ఉంది. తప్పు పూర్తిగా నాదే, నోటీసుల అడ్రస్ నాది పెట్టుకుని ఉండాల్సింది.

లెట్స్ ఎన్‌క్రిప్ట్ గడువు దగ్గరపడిందని పంపే మెయిళ్లు కూడా 2025 జూన్ 4 నుంచి ఆపేసింది. అందుకని ఇప్పుడు నేను రెండు పనులు చేస్తున్నాను. సీప్యానెల్‌లో ‘కాంటాక్ట్ ఇన్ఫర్మేషన్’కి వెళ్లి నా మెయిల్ పెట్టి, ఆటో ఎస్‌ఎస్‌ఎల్ నోటీసులకి టిక్కులు వేస్తాను. బయటి నుంచి సర్టిఫికెట్ గడువు చూసి చెప్పే ఉచిత మానిటర్ ఒకటి పెడతాను. అవి కూడా చేయలేమంటే ఫోన్ క్యాలెండర్‌లో నెలకోసారి గుర్తు పెట్టుకోండి.

అందరికీ బాగుంది, కొందరి ఫోన్లలో మాత్రం తెరుచుకోవడం లేదు.

ముందు ఆ ఫోన్‌లో తేదీ చూడమనండి. బ్యాటరీ పూర్తిగా అయిపోయి తేదీ ఏ 2015కో వెళ్లిపోతే, ఆ ఫోన్ లెక్కలో మీ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. తేదీ సరిగ్గా ఉంటే ఆండ్రాయిడ్ ఎన్నోదో అడగండి. 7.1.1 కన్నా పాతదైతే లెట్స్ ఎన్‌క్రిప్ట్ మూల సర్టిఫికెట్ ఆ ఫోన్‌కి తెలియదు. ఆదుకుంటూ వచ్చిన పాత ఏర్పాటు 2024 సెప్టెంబరుతో ముగిసింది. అందులో ఫైర్‌ఫాక్స్ ఇప్పటికే వేసి ఉంటే తెరుచుకుంటుంది, దానికి సొంత జాబితా ఉంటుంది కాబట్టి. ఫోన్లు కొత్తవే అయితే పైన చెప్పిన సీఏ బండిల్ సంగతి చూడండి.

మా డొమైన్ తెలుగు అక్షరాల్లో ఉంది, చివర ‘.భారత్’. దీనికి సర్టిఫికెట్ ఇస్తారా?

నిక్షేపంగా ఇస్తారు. డీఎన్‌ఎస్ లోపల మీ తెలుగు పేరు పునీకోడ్ అనే ఇంగ్లిషు అక్షరాల రూపంలో ఉంటుంది. మొదట్లో ఎక్స్, ఎన్, తర్వాత రెండు చిన్న గీతలు వస్తాయి. సర్టిఫికెట్‌లోనూ ఆ రూపమే కనిపిస్తుంది, ఇదేదో వైరస్ అనుకోవద్దు. సీఎస్‌ఆర్ చేత్తో చేస్తుంటే ఆ రూపాన్నే ఇవ్వండి.

సబ్‌డొమైన్లు పది ఉన్నాయి. ఒక్కోదానికీ విడిగా తీసుకోవాలా?

ఆటో ఎస్‌ఎస్‌ఎల్ ఉంటే దాని మానాన అదే చూసుకుంటుంది. సొంత సర్వర్ అయితే సబ్‌డొమైన్లన్నిటికీ ఒక్కటే చెల్లే వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2018 మార్చి నుంచి ఉచితంగా ఇస్తోంది, కాకపోతే డీఎన్‌ఎస్ పరీక్షే చేయాలి. అది ఒక్క మెట్టు కిందికే చెల్లుతుంది. సబ్‌డొమైన్‌కి మళ్లీ సబ్‌డొమైన్ ఉంటే దానికి వర్తించదు.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఇచ్చిన ప్రతి సర్టిఫికెట్ బహిరంగ రిజిస్టర్లలోకి ఎక్కుతుంది, ఎవరైనా వెతుక్కోవచ్చు. ‘కొత్తసైట్’, ‘టెస్ట్’ అని మీరు గుట్టుగా పెట్టుకున్న సబ్‌డొమైన్ పేరు సర్టిఫికెట్ వచ్చిన నిమిషాల్లో లోకానికి తెలిసిపోతుంది. బాట్లు ఆ రిజిస్టర్ల మీదే కన్నేసి ఉంటాయి. వర్డ్‌ప్రెస్ ఇన్‌స్టలేషన్ సగంలో వదిలేసి భోజనానికి వెళితే, మిగతా సగం ఇంకెవరో పూర్తిచేసి అడ్మిన్ అయిపోగలరు.

హెచ్‌ఎస్‌టీఎస్ ఆన్ చేయమని ఒక టూల్ చెబుతోంది. చేయనా?

వెంటనే వద్దు. ఈ డొమైన్‌ని ఇక ఎప్పుడూ హెచ్‌టీటీపీఎస్‌తోనే తెరువు అని బ్రౌజర్‌కి ఇచ్చే ఆన మాట అది. ఏడాదికి అని చెబితే ఏడాదీ పట్టుకుని కూర్చుంటుంది. మధ్యలో సర్టిఫికెట్ పోతే ‘పరవాలేదు, తెరువు’ అనే దారి కూడా ఉండదు. రెండుసార్లు రెన్యూవల్ దానంతట అది అయ్యాక, ముందు కొద్ది నిమిషాల గడువుతో పెట్టి చూసి పెంచుకుంటూ వెళ్లండి. ఇలాంటి డొమైన్లని బ్రౌజర్లలోనే ముందుగా రాసిపెట్టే ప్రీలోడ్ జాబితాలోకి ఎక్కితే దిగడానికి నెలలు పడుతుంది, అటు పోకండి.

సర్టిఫికెట్ ఉంది కదా, ఇక మా సైట్ హ్యాక్ అవ్వదుగా?

దానికీ దీనికీ సంబంధం లేదు. సర్టిఫికెట్ కాపాడేది దారిని. పాత ప్లగిన్, ‘అడ్మిన్123’ పాస్‌వర్డ్ ఉంటే దొంగ కూడా అదే భద్రమైన దారిలో దర్జాగా లోపలికి వస్తాడు. ఇంకో వైపు నుంచి చూసినా అంతే. బ్యాంకు పేరును పోలిన దొంగ సైట్లకీ సర్టిఫికెట్ ఉంటుంది, ఉచితంగానే వస్తుంది. తాళం బొమ్మ ఉంటే సైట్ మంచిదని జనం అనుకుంటున్నారనే 2023 సెప్టెంబరులో క్రోమ్ 117 నుంచి ఆ బొమ్మే తీసేసి, సెట్టింగుల గుర్తు పెట్టారు. తాళం కనిపించడం లేదని ఫోన్ చేసేవాళ్లకి ఇదే జవాబు.

అన్నీ చేశాను, ఇంకా కాలేదు. హోస్టింగ్ వాళ్లకి ఏమని రాయాలి?

‘ఎస్‌ఎస్‌ఎల్ పనిచేయట్లేదు, అర్జంట్’ అని రాస్తే రెండు రోజుల తర్వాత ‘దయచేసి వివరాలు తెలపండి’ అని వస్తుంది. డొమైన్ పూర్తి పేరు, మూడు డబ్ల్యూలతోనా లేకుండానా, ఆటో ఎస్‌ఎస్‌ఎల్ పేజీలో ఆ డొమైన్ ఎదురుగా ఉన్న ఎర్రర్ మాటలు ఉన్నవి ఉన్నట్టు, డీఎన్‌ఎస్ ఎక్కడుందో, మధ్యలో క్లౌడ్‌ఫ్లేర్ ఉందో లేదో, నేమ్‌సర్వర్లు చివరిసారి ఎప్పుడు మార్చారో రాయండి. క్వాలిస్ వారి ఎస్‌ఎస్‌ఎల్ ల్యాబ్స్ పరీక్షలో మీ డొమైన్ పెట్టి వచ్చిన ఫలితం కూడా జతచేస్తే, మధ్యవర్తి కాగితం లేకపోవడం లాంటివి వాళ్లకి ఒక్క చూపులో తెలుస్తాయి. ప్రైవేట్ కీ, సీప్యానెల్ పాస్‌వర్డ్ మాత్రం టికెట్‌లో రాయకండి. వాటితో వాళ్లకి పని లేదు.